చిలకమ్మకి కారం తగలదు!

ముచ్చటపడి తెచ్చుకున్నారు. పిల్లలు పేరు కూడా పెట్టేశారు. తీరా చూస్తే పంజరంలో చెయ్యి పెట్టగానే కసుక్కున కొరికింది. తెల్లారకముందే అరుపులు లంకించుకుంది. నాలుగు రోజులకల్లా ఇంటిల్లిపాదికీ విసుగు. 'తిరిగి ఇచ్చేద్దాం' అని నాన్న, 'వద్దు' అని పిల్లల ఏడుపు. సరిగ్గా అప్పుడే ఏ నానమ్మో సలహా చెబుతుంది... 'వేలికి కాస్త కారం రాసి పెట్టండర్రా, దెబ్బకి మానేస్తుంది' అని.

గుంటూరు ఇళ్లలో కారానికి కొదవా! రాసి పెడతారు. చిలక ఆ వేలిని ఇంకాస్త శ్రద్ధగా కొరుకుతుంది.

ఎందుకంటే దానికి మంటే తెలియదు. మిరపలో ఉండే క్యాప్సైసిన్‌ మన నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. అందుకే నోరు కాలినట్టు ఉంటుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్‌ జూలియస్‌కి 2021లో నోబెల్‌ బహుమతి వచ్చింది. పక్షుల్లోనూ అలాంటి గ్రాహకం ఉంది కానీ క్యాప్సైసిన్‌కి స్పందించదు. మనం గింజలు నమిలి పాడుచేస్తాం, పక్షులు మింగి దూరంగా విసర్జిస్తాయి. మిరప మొక్కకి ఎవరితో పని ఉందో దానికి బాగానే తెలుసన్నమాట. చిలకలు పండుమిరపకాయను కాలితో పట్టుకుని తీరిగ్గా గింజలు తినడం మన మిరప రైతులు చూడనిదేం కాదు.

ఇంతకీ ఏ చిలక?

ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. తాటి మోళ్ల తొర్రల్లోంచి పిల్లల్ని తీసి అమ్మే మన రామచిలకను ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జైలు లేదా జరిమానా, ఒక్కోసారి రెండూ పడొచ్చు. చిలకజోస్యానికైనా ఇదే చట్టం. ఎవరో ఇచ్చింది ఇప్పటికే ఇంట్లో ఉందా? పాపమని డాబా ఎక్కి వదిలెయ్యకండి. చేతి తిండికి అలవాటుపడిన పిల్ల బయట బతకడం కష్టం. అటవీశాఖ వాళ్లకి అప్పగించండి.

చట్టం అడ్డులేకుండా పెంచుకోదగ్గవి విదేశాల నుంచి వచ్చి, ఇక్కడే పంజరాల్లో పుట్టి పెరుగుతున్న బడ్జీలు, కాకటీల్స్‌. రెండింటి పుట్టిల్లూ ఆస్ట్రేలియానే. ఆఫ్రికన్‌ గ్రే లాంటివైతే కేంద్రం 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం నమోదు చేయించుకోవాలి.

కోపం కాదు... భయం

కొత్త చిలక కొరికేది పొగరుతో కాదు. గుంపు నుంచి విడదీసి, అట్టపెట్టెలో పెట్టి, బస్సులో కుదుపుతూ తెచ్చాం. దాని లెక్కలో మనం వేటాడే జంతువులం. అందుకే మొదటి వారం దాని జోలికి పోవద్దు. పంజరాన్ని గోడకి ఆనించి, మన కళ్ల ఎత్తులో పెట్టండి. ఒకవైపు గోడ ఉంటే దానికి ధైర్యం. నీళ్లు, గింజలు మార్చేటప్పుడు మెల్లగా మాట్లాడుతూ ఉంటే చాలు. చుట్టాల పిల్లలందరూ మూగి పుల్లలతో పొడవడం అస్సలు కూడదు.

తర్వాతే మచ్చిక. పట్నం దుకాణాల్లో 'మిల్లెట్‌ స్ప్రే' అని పొట్లం కట్టి అమ్మేది మరేదో కాదు, మన కొర్ర కంకే! మందు కొట్టని చేలోది దొరికితే అంతకన్నా మంచిది లేదు. మొదట కడ్డీల బయటి నుంచి అందించండి. కొన్నాళ్లకి తలుపు తీసి, అరచేతిలో పెట్టి కదలకుండా ఉండండి. చేతి మీది కంకి తిన్నాక, వేలిని పొట్ట కింద, కాళ్లకి పైగా మెల్లగా ఆనిస్తే ఎక్కి కూర్చుంటుంది. ఇది పదిరోజుల్లో జరగొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు.

కొరికే ముందు అది చెప్పే కొరుకుతుంది. కాకటీల్‌ అయితే తల మీది కుచ్చును అణిచేసి బుస కొడుతుంది. అక్కడే ఆగిపోవాలి. అయినా కొరికిందా? 'అబ్బా' అని అరవకండి, ముక్కు మీద కొట్టకండి. అరుపు దానికి వినోదం, దెబ్బ శత్రుత్వం. చప్పుడు చేయకుండా గూట్లో దించి కాసేపు అటు తిరగండి.

అరుపుల సంగతీ అంతే. పొద్దున్నా, సాయంత్రం అరవడం గుంపును పలకరించే పద్ధతి. దాన్ని మాన్పించలేం. ఓ ఈల వేసి జవాబిస్తే చాలాసార్లు సద్దుమణుగుతుంది. రోజంతా అరుస్తుంటే మాత్రం మనమే నేర్పామని అర్థం. అరిచినప్పుడల్లా పరిగెత్తుకెళ్లామన్నమాట! నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వెళ్లండి. రాత్రి పది పన్నెండు గంటల నిద్ర ఉండాలి. టీవీ పక్కన పెడితే ఎలా పడుకుంటుంది? కాకటీల్స్‌కి చీకట్లో ఉలిక్కిపడి రెక్కలు బాదుకునే అలవాటుంది. కరెంటు పోయినా వెలిగే చిన్న దీపం ఉంటే మంచిది.

ఈకలు పీక్కుంటుంటే ముందు పశువైద్యుడికి చూపించండి. జబ్బు కాదని తేలితే విసుగే కారణం కావచ్చు. తాటాకు ముక్కలు, కొబ్బరి పీచు, వేప కొమ్మ వేస్తే చింపుకుంటూ కూర్చుంటుంది. చిలకలు జబ్బును దాచుకుంటాయి. ఈకలు ఉబ్బించి పంజరం అడుగున కూర్చుందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. రెట్ట శుభ్రం చేశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కొన్ని జబ్బులు మనకీ అంటుతాయి.

పంజరం వంటింట్లో మాత్రం వద్దు. నాన్‌స్టిక్‌ పెనం మాడితే వచ్చే ఆవిరికి నిమిషాల్లో ప్రాణం పోతుంది. పోపు పొగ, దోమల చుట్ట పొగ కూడా మంచివి కావు. పొద్దుతిరుగుడు గింజలు ఒక్కటే పెడితే కొవ్వు పడుతుంది. మునగాకు, కొత్తిమీర, క్యారెట్‌ తురుము అలవాటు చేయండి. పచ్చిమిర్చీ పెట్టొచ్చు, విటమిన్‌ ఎ దొరుకుతుంది. కానీ నిన్న మందు కొట్టిన చేనుదేమో చూసుకోండి. మన మిరప మీద ఎన్నిసార్లు మందు పడుతుందో చెప్పక్కర్లేదు కదా! చిలకను బాధించేది కారం కాదు, ఆ మందే.

మరో మాట. బాగా చూసుకుంటే కాకటీల్‌ పదిహేను, ఇరవయ్యేళ్లు బతుకుతుంది. పేరు పెట్టిన పిల్లాడు ఇంజినీరింగ్‌కని హాస్టల్‌కి వెళ్లేనాటికీ అది ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు నీళ్ల గిన్నె ఎవరు కడగాలో ఇప్పుడే మాట్లాడుకోండి.