లైను ఆగిపోయింది!

ఈ సంక్రాంతికి మా ఊళ్ళో (ఊరంటే ఒహాయోలో, కొలంబస్‌కి పక్కన లెండి) ఒకరింట్లో పాట్‌లక్ భోజనాలు. గోంగూర పచ్చడి వడ్డించుకుంటూ ఒకాయన "మీరు దేనిమీద పనిచేస్తారండీ?" అని అడిగారు. ఈ "దేనిమీద" అన్నదానికి మన సభల్లో ఒకటే అర్థం. జావా మీదా, ఒరకిల్ మీదా, ఈ మధ్యనైతే క్లౌడ్ మీదా. నేను "నిచ్చెన మీదండీ" అన్నాను. ఆయన నవ్వారు గానీ నేను అబద్ధమాడలేదు. అదెలాగో తరవాత చెబుతాను.

నేను ఇండస్ట్రియల్ మెయింటెనెన్స్ మెకానిక్‌ని. పానీయాలు సీసాల్లో నింపి, పెట్టెల్లో సర్ది, లారీలకెక్కించే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. ఈ మాట చెప్పగానే మనవాళ్ళలో సగంమంది "ఓహో, సిస్టం మెయింటెనెన్సా?" అంటారు. మిగతా సగంమంది వాళ్ళ డిష్‌వాషర్ గురించి చెప్పడం మొదలెడతారు. ఆ గోంగూరాయన మటుకు రెండూ చెయ్యకుండా, "అసలు ఏం చేస్తారో రాయండి, మావాళ్ళు చదువుతారు" అన్నారు. అదీ ఈ వ్యాసానికి కారణం. నచ్చకపోతే ఆయన్నే అడగండి.

మాది అనకాపల్లి. 1993లో విశాఖపట్నం కంచరపాలెంలో ఐటీఐ పూర్తి చేశాను, ఎలక్ట్రీషియన్ ట్రేడు. అప్రెంటిస్ అయ్యాక గల్ఫ్‌లో పదేళ్ళు. అక్క 1996లో వేసిన దరఖాస్తు 2007లో పండితే ఇక్కడికొచ్చాను. మన దగ్గర ఎలక్ట్రీషియన్ వేరు, ఫిట్టర్ వేరు. మోటారు కాలితే నేను వెళ్ళాలి, బేరింగు పోతే ఫిట్టరు రావాలి. ఇద్దరూ నించుని "తప్పు నీ వైపే" అనుకోవడం కూడా డ్యూటీలో భాగమే. ఇక్కడ రెండూ ఒక మనిషే చెయ్యాలి. బెల్టూ నాదే, గేర్‌బాక్సూ నాదే, గాలి సిలిండరూ నాదే, దాన్ని కదిపే ప్రోగ్రామూ నాదే. ఇక పోట్లాడ్డానికి ఎవరూ లేరు.

వచ్చిన కొత్తలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఇంగ్లీషు కాదు, తీగల రంగులు. నేను మన దగ్గర నేర్చుకున్న పద్ధతిలో నలుపంటే న్యూట్రల్. ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు. ఇక్కడ నలుపు తీగలో కరెంటు ఉంటుంది, న్యూట్రలేమో తెలుపు. చేతికి పదిహేనేళ్ళుగా అలవాటైన రంగు చంపే రంగైంది! మొదటి ఆర్నెల్లూ ప్రతి పెట్టె తెరిచే ముందు "నలుపు పాము, నలుపు పాము" అని లోపల్లోపల అనుకునేవాణ్ణి. వారాంతాల్లో ఇంట్లో స్విచ్చులు మార్చుకునే తెలుగు సోదరులారా, ఈ ఒక్క పేరా గుర్తుపెట్టుకోండి, చాలు.

ఇంకో తేడా ఫ్రీక్వెన్సీ. మన దగ్గర 50 హెర్ట్జ్, ఇక్కడ 60. నాలుగు పోళ్ళ మోటారు అక్కడ నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరిగితే ఇక్కడ 1750 దాకా తిరుగుతుంది. ఇప్పుడు చాలా మోటార్లకి డ్రైవులుంటాయి. వచ్చిన 480 వోల్టుల ఏసీని డీసీగా మార్చి, మళ్ళీ మనకి కావలసిన ఫ్రీక్వెన్సీలో ఏసీగా వదులుతాయి. లోపల ఆ డీసీ దాదాపు 680 వోల్టులు. మెయిన్ స్విచ్ ఆపేసినా కెపాసిటర్లలో అది కొన్ని నిమిషాలపాటు నిలిచే ఉంటుంది. మీ ప్రోగ్రాము ఆపేస్తే ఆగిపోతుంది. మా దగ్గర ఆపేశాక కూడా కాసేపు కాచుక్కూర్చుంటుంది.

సరే, నిచ్చెన దగ్గరికొద్దాం.

1960ల్లో కార్ల ఫ్యాక్టరీల్లో యంత్రాల తెలివంతా రిలేల్లో ఉండేది. గోడంత పెట్టెల్లో వందలకొద్దీ రిలేలు, వాటిమధ్య జడలల్లినట్టు తీగలు. కారు మోడలు మారినప్పుడల్లా ఆ తీగలన్నీ పీకి మళ్ళీ అల్లాలి. ఈ బాధ పడలేక 1968లో జనరల్ మోటార్స్‌వాళ్ళు, తీగలు మార్చకుండా ప్రోగ్రాము మార్చుకునే కంట్రోలరు కావాలన్నారు. మసాచుసెట్స్‌లో డిక్ మోర్లీ, ఆయన జట్టు తయారుచేసిన అలాంటి యంత్రం పేరు మోడికాన్ 084. వాళ్ళ కంపెనీకి అది ఎనభై నాలుగో ప్రాజెక్టు, అందుకని ఆ అంకె. ఈనాటి పీఎల్‌సీలకి ముత్తాత అదే.

మరి ప్రోగ్రాము రాసేదెవరు? ఫ్యాక్టరీలో ఉన్నది ఎలక్ట్రీషియన్లు. వాళ్ళకి ఫోర్‌ట్రాన్ రాదు, రిలే బొమ్మలు వచ్చు. అందుకని ఆ బొమ్మల్నే భాషగా చేసేశారు. రెండు నిలువు గీతలు, వాటిమధ్య అడ్డంగా మెట్లు. చూడ్డానికి నిచ్చెనలా ఉంటుంది కాబట్టి పేరు ల్యాడర్ లాజిక్. వాడేవాడి దగ్గరికి భాషే నడిచి వెళ్ళిన సందర్భాలు మీ రంగంలో ఎన్నున్నాయో మీరే చెప్పాలి. పీఎల్‌సీ చేసే పని కూడా సాదాసీదాగా ఉంటుంది. ఇన్‌పుట్లన్నీ చదువు, మెట్లన్నీ పైనించి కిందకి లెక్కగట్టు, ఔట్‌పుట్లన్నీ రాయి, మళ్ళీ మొదలెట్టు. కొద్ది మిల్లీసెకన్లకో చుట్టు. రాత్రీ పగలూ, పండగా పబ్బమూ లేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. యంత్రాన్ని ఆపే బటన్ ఉందనుకోండి. నొక్కితే 1 రావాలా, 0 రావాలా? చాలామంది సాఫ్ట్‌వేర్ మిత్రులు "నొక్కితే 1" అంటారు. ఫ్యాక్టరీలో అలా తీగ కలిపితే కొంప మునిగినట్టే. ఎప్పుడో ఎలక తీగ కొరికేసిందనుకోండి. మీరెంత నొక్కినా 1 రాదు, యంత్రం ఆగదు. అందుకని తిరగేస్తాం. మామూలప్పుడు కరెంటు బటన్ గుండా పారుతూనే ఉంటుంది, నొక్కితే తెగుతుంది. తీగ తెగినా, స్క్రూ వదులైనా, ఫ్యూజు పోయినా, బటన్ నొక్కినా అన్నీ 0 కిందే లెక్క. యంత్రం ఆగుతుంది. ఉష్ణోగ్రతో, పీడనమో కొలిచే పరికరాలు కూడా ఇంతే. 4 నుంచి 20 మిల్లీయాంపుల వరకూ పంపుతాయి. కొలతలో సున్నా అంటే 4 మిల్లీయాంపులు. నిజంగా సున్నా మిల్లీయాంపులొస్తే అది కొలత కాదు, తీగ తెగిందని. మీ భాషలో సున్నా వేరు, నల్ వేరు కదా, అదే సంగతి.

ఈ పద్ధతిలో చిక్కొకటుంది. ఆగింది ఎందుకో 0 చెప్పదు. ఆ ఎందుకో కనుక్కోడానికే నాకు జీతం.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, రెండు దాటాక, రేడియోలో పిలుపొచ్చింది: లైను ఆగింది. ప్యాలెటైజర్ దగ్గర. పెట్టెల్ని వరసలుగా పేర్చి చెక్కపలక మీద దొంతర పెట్టే యంత్రమది. తెర మీద "కంచె తలుపు తెరిచి ఉంది" అని చూపిస్తోంది. వెళ్ళి చూస్తే తలుపు శుభ్రంగా మూసే ఉంది. రీసెట్ నొక్కితే నడిచింది. పది నిమిషాలకి మళ్ళీ ఆగింది. మళ్ళీ రీసెట్. ఈసారి ఏడు నిమిషాలు.

ప్రోగ్రాము రాసిన కంపెనీ కుర్రాడికి ఫోన్ చేస్తే, పాపం నిద్రలోంచి లేచి ల్యాప్‌టాప్‌తో లోపలికొచ్చాడు. "తలుపు ఇన్‌పుట్ 0 అవుతోంది సార్" అన్నాడు. అది నాకూ తెలుసు! అతనికి అంతకన్నా కనబడదు మరి. ప్రపంచం అతనికి ఒక్క బిట్‌లో అందుతోంది.

బయట మంచులో మూడు లారీలు నించున్నాయి. సూపర్‌వైజర్ వచ్చి, నా భుజం మీద చెయ్యేసి, మెల్లిగా అన్నాడు: "ఆ తలుపు స్విచ్చికి జంపర్ వెయ్యి. పొద్దున్న చూసుకుందాం."

జంపరంటే ఒక తీగ ముక్క. తలుపు స్విచ్ కాళ్ళ మధ్య కలిపేస్తే, తలుపు ఎప్పుడూ మూసున్నట్టే యంత్రం నమ్ముతుంది. ఆ కంచె స్విచ్‌కి రెండు జతల తీగలుంటాయి, రెండూ ఒకే మాట చెబితేనే సేఫ్టీ రిలే ఒప్పుకుంటుంది. కాబట్టి రెండు ముక్కలు కావాలి. రెండు నిమిషాల పని. నా జేబులో తీగ కూడా ఉంది.

ఇక్కడ నేను పాట్‌లక్‌లో చెప్పని సంగతొకటి చెప్పాలి.

1998. గల్ఫ్‌లో ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీ. అట్టని కోసే యంత్రం మూత స్విచ్ తరచూ మొరాయిస్తోంది. ఆర్డరు తొందర. ఫోర్‌మన్ జంపర్ వెయ్యమన్నాడు, నేను వేశాను. పొద్దున్న తీసేద్దామనే. పొద్దున్న ఇంకో యంత్రం పాడైంది. ఆ మర్నాడు శుక్రవారం, సెలవు. ఆ తరవాత ఆ తీగ ముక్కని నేను మర్చిపోయాను. కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాడొకడు హెల్పరుగా ఉండేవాడు, నన్ను అన్నా అన్నా అని పిలిచేవాడు. పదకొండో రోజున, ఇరుక్కున్న అట్ట తీద్దామని మూత ఎత్తాడు. ఎత్తితే ఆగుతుందని వాడికి నేర్పింది కూడా నేనే. కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి.

కాగితాల్లో "పనివాడి అజాగ్రత్త" అని రాశారు. సాక్షిగా కింద నేను సంతకం పెట్టాను. కాగితం వచ్చేసరికి ఆ తీగ ముక్క అక్కడ లేదు, ఎవరో తీసేశారు. నేనూ అడగలేదు. 2003లో సెలవుకొచ్చినప్పుడు వెతుక్కుంటూ వాళ్ళ ఊరు వెళ్ళాను. కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఎడంచేత్తో చాయ్ గ్లాసు అందించి "కూసో అన్నా" అన్నాడు. చెబుదామని వెళ్ళినవాణ్ణి చాయ్ తాగి, పిల్లల చేతిలో డబ్బులు పెట్టి వచ్చేశాను. ఆ మాట నేను వాడికి ఇంతవరకూ చెప్పలేదు.

అందుకని ఆ రాత్రి సూపర్‌వైజర్‌తో "జంపర్ వెయ్యను, గంట టైమివ్వు" అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. ఎవరెవరికో ఫోన్లు చేశాడు. నా ఉద్యోగం గురించి కూడా ఓ మాటన్నాడు. సరే అన్నాను.

ఆ లైను మీద ఇరవై ఏళ్ళ పైబడి పనిచేస్తున్న ఆపరేటర్ ఒకావిడ ఉంది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. నేనడిగితే, "ఆ పలక దబ్బున కిందకి దిగినప్పుడే చస్తుంది, గమనించలేదా?" అంది. నించుని చూశాను. నిజమే! పలక దిగి అడుగున తగిలినప్పుడు ఫ్రేమంతా ఒకసారి అదురుతుంది. ప్రతిసారీ కాదు, ఎప్పుడో ఒకసారి ఆ అదురుకి యంత్రం ఆగుతుంది.

అంటే ఎక్కడో కదిలే తీగ.

ముందు తాళం వేశాను. ఇక్కడి ఓషా చట్టంలో 1910.147 అనే నిబంధన ఉంది, 1989 నాటిది. యంత్రంలో చెయ్యి పెట్టేవాడు మెయిన్ స్విచ్ ఆపి, దానికి సొంత తాళం వేసి, చెవి తన దగ్గరే ఉంచుకోవాలి. నలుగురు పనిచేస్తే నాలుగు తాళాలు. నా ఎర్ర తాళం మీద నా ఫొటో ఉంది. తాళం వేశాక స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. మీటరుని ముందు కరెంటున్న చోట పరీక్షించి, తరవాత ఇక్కడ పెట్టి, మళ్ళీ కరెంటున్న చోట చూడాలి. మీటరే చచ్చిపోయి ఉంటే అది చూపించే సున్నాని నమ్మకూడదు కదా! సిలిండర్లలో గాలి వదిలెయ్యాలి. పైకెత్తి ఉన్న పలకకి పిన్ను పెట్టాలి, భూమ్యాకర్షణకి స్విచ్ లేదు గనక. సూపర్‌వైజర్ గడియారం చూసుకుంటున్నా సరే, ఇదంతా చెయ్యాల్సిందే.

తలుపు స్విచ్ కేబుల్ రెండు చివర్లూ విప్పి, మీటరు బజరు మీద పెట్టాను. ఒక్కో తీగకీ పీ... మని మోగుతోంది. అంతా బాగానే ఉంది. అప్పుడు కేబుల్ని జానెడు జానెడు చొప్పున వంచుతూ వచ్చాను. తలుపు బందు దగ్గర, రోజుకి ఎన్నిసార్లో తెరిచి మూసేటప్పుడు మడతపడే చోట, మోత ఆగింది. వదిలితే మళ్ళీ మోగింది. పైన తొడుగుకి గీతైనా లేదు. లోపల రాగి తెగి, కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయంతే.

స్టోర్‌లో అలాంటి కేబుల్ లేదు. ఆగి ఉన్న నాలుగో లైను నుంచి ఊడదీసి వేశాను, ఈసారి బందు దగ్గర కాస్త వదులుగా. తలుపు తెరిచి, ఆగుతోందో లేదో మూడుసార్లు చూశాను. మొత్తం యాభై నిమిషాలు. సూపర్‌వైజర్ ఏమీ అనలేదు. లారీలు వెళ్ళాయి. వారం తరవాత ఆయనే వచ్చి, మిగతా లైన్లలో ఎక్కడైనా పాత జంపర్లున్నాయేమో చూడమన్నాడు. రెండు దొరికాయి. ఒకటి దుమ్ము పట్టి, ఏ కాలం నాటిదో కూడా తెలీనంత పాతది.

తెగిన కేబుల్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఉగాదికి మళ్ళీ ఆ గోంగూరాయన ఇంట్లోనే భోజనాలు. డిష్‌వాషర్ గురించి అడిగితే ఉంటుందని మీటరు కూడా పట్టుకెళ్ళాను. అడగలేదు గానీ వాళ్ళబ్బాయి, పదో క్లాసు, ఆ కేబుల్ చూసి ఇదేమిటంకుల్ అన్నాడు. బజరు పెట్టి చేతికిచ్చి, ఎక్కడ తెగిందో చెప్పమన్నాను. పైనంతా తడిమి చూసి, బాగానే ఉంది కదా అన్నాడు. వంచి చూడమన్నాను. ఇంటినిండా పీ... మని ఒకటే మోత. వాళ్ళమ్మగారు వంటింట్లోంచి కేకేశారు. వాడు వినిపించుకోకుండా, ఉగాది పచ్చడి చేతుల్తోనే, కొంచెం కొంచెం వంచుకుంటూ వస్తున్నాడు. సగం దాటాక మోత టక్కున ఆగింది.

"ఇక్కడే!" అన్నాడు.