గామ్కాలో ‘ఫిట్’ వచ్చినా ఈ పరీక్ష తప్పదు

గల్ఫ్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు గామ్కా మెడికల్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వీసా రావాలంటే రక్తం ఇవ్వాలి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. ‘ఫిట్’ అని వస్తే ఇంట్లో పండగే. పేరు వాఫిద్‌గా మారినా మన నోట్లో మాత్రం గామ్కాగానే ఉండిపోయింది. ఆ పరీక్షల్లో హెపటైటిస్-బి కూడా ఉంటుంది. అందుకే ‘మెడికల్ పాసయ్యాను, నాకు కాలేయ జబ్బు లేదు’ అన్న ధీమా చాలామందిలో ఉంది. లింఫోమా అనే క్యాన్సర్‌కు యాంటీబాడీ మందు ఎక్కించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ ధీమా సరిపోదు.

నేను రియాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా బావగారు దమ్మామ్‌లో సూపర్‌వైజర్. వయసు 58. గత ఏడాది ఆయన మెడ దగ్గర గడ్డలు కనిపించాయి. బయాప్సీ చేస్తే ‘డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్ లింఫోమా’ అని తేలింది. కీమోతోపాటు రిటుక్సిమాబ్ ఇవ్వాలన్నారు డాక్టరు. ఆ రాత్రే కుటుంబ వాట్సాప్ గ్రూపులో వాదన మొదలైంది. ‘ఆ మందు వల్ల ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారట’ అని గుంటూరు నుంచి ఒకరు, ‘అది లేకుండా ఒట్టి కీమో ఎందుకు’ అని డాలస్ నుంచి మరొకరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఏది ఎంత నిజమో తూచి చూడటమే అసలు పని.

మేలు ఎంత?

మన రక్తంలోని బీ-కణాలపై సీడీ20 అనే ప్రొటీన్ ఉంటుంది. రిటుక్సిమాబ్ దాన్ని పట్టుకుంటుంది. అలా గుర్తు పడిన కణాలను శరీర రక్షణ వ్యవస్థే చంపేస్తుంది. 1997 నవంబరులో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, అక్కడ క్యాన్సర్ చికిత్సకు వచ్చిన తొలి మోనోక్లోనల్ యాంటీబాడీ. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ‘రెడిటక్స్’ పేరుతో దీని బయోసిమిలర్‌ను తక్కువ ధరకు తెచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఫలితం అంకెల్లోనే చూద్దాం. బావగారికి వచ్చిన రకం లింఫోమాపై ఫ్రెంచ్ వైద్యులు నడిపిన అధ్యయనం 2002లో వెలువడింది. అందులో 60 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 399 మంది రోగులు పాల్గొన్నారు. ఒట్టి కీమో తీసుకున్నవారిలో రెండేళ్ల తర్వాత బతికున్నవారు 57 శాతం. రిటుక్సిమాబ్ కూడా తీసుకున్నవారిలో 70 శాతం. పదేళ్ల తర్వాత లెక్క చూసినా 27.6కు 43.5 శాతం. వేగంగా పెరిగే ఈ క్యాన్సర్‌లో ఇది చిన్న తేడా కాదు.

అయితే ఇది అన్ని లింఫోమాలకూ పనిచేసే మందు కాదు. బయాప్సీ రిపోర్టులో ‘సీడీ20 పాజిటివ్’ అని ఉందో లేదో అడగాలి. ఫాలిక్యులర్ వంటి నెమ్మది రకాల్లో, ఇబ్బందులేవీ లేకపోతే కొన్నాళ్లు గమనిస్తూ ఆగమని డాక్టర్లే చెప్పవచ్చు.

ముప్పు ఎక్కడ?

మొదటి డోసులో చలి, వణుకు, జ్వరం, బీపీ పడిపోవడం వంటివి రావచ్చు. అందుకే ముందుగా పారాసిటమాల్, అలర్జీ మందు ఇచ్చి నెమ్మదిగా ఎక్కిస్తారు. బావగారికి తొలి గంటలోనే వణుకు వచ్చింది. నర్సు డ్రిప్ ఆపి, కుదుటపడ్డాక వేగం తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. కొద్దిమందిలో ఇది ప్రాణాల మీదికి రావచ్చు కాబట్టి ఆస్పత్రిలో, కళ్లెదుటే ఎక్కించాలి. చాలా అరుదుగా పీఎంఎల్ అనే మెదడు ఇన్ఫెక్షన్ రావచ్చు. మాట తడబడినా, మతిమరుపు వచ్చినా, ఒక పక్క బలహీనపడినా వెంటనే చెప్పాలి.

వీటన్నిటికన్నా మనవాళ్లు ముందుగా అడ్డుకోగల ముప్పు హెపటైటిస్-బి. చిన్నప్పుడెప్పుడో సోకి, తెలియకుండానే తగ్గిపోయిన వైరస్ ఆనవాళ్లు కాలేయంలో మిగిలే ఉంటాయి. రక్షణ వ్యవస్థ దాన్ని నిద్రపుచ్చి ఉంచుతుంది. రిటుక్సిమాబ్ బీ-కణాలను తుడిచేశాక అది నిద్రలేవవచ్చు. కాలేయం పూర్తిగా దెబ్బతిని మరణించినవారు ఉన్నారు. 2013లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికను మందు లేబుల్‌పై పెట్టెగీసి మరీ రాయించింది.

గామ్కాలో చేసే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష ప్రస్తుతం వైరస్ ఉందా అన్నదే చెబుతుంది. గతంలో సోకిందా అన్నది తెలియాలంటే ‘యాంటీ-హెచ్‌బీసీ’ అనే కోర్ యాంటీబాడీ పరీక్ష కావాలి. రిటుక్సిమాబ్‌కు ముందు ఈ రెండూ చేయాలి. సౌదీలో పసిపిల్లలకు ఈ టీకా 1989 నుంచే ఇస్తున్నారు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ దేశీయ టీకా తెచ్చింది 1997లో. దేశమంతటా పసిపిల్లల టీకాల్లో అది చేరింది 2011లో. అంటే ఇప్పుడు నలభై, యాభై ఏళ్లలో ఉన్న మనలో చాలామంది పసితనంలో ఈ టీకా లేకుండానే పెరిగాం.

బావగారు ఇన్నేళ్లలో మూడుసార్లు మెడికల్ పాసయ్యారు. కోర్ యాంటీబాడీ మాత్రం పాజిటివ్ వచ్చింది. ‘మరి మూడుసార్లు ఫిట్ అని ఎలా ఇచ్చారయ్యా?’ అని నన్నడిగారు. వాళ్లు ఇచ్చింది తప్పు కాదు, వాళ్లు వెతికింది వేరు అని చెప్పాను. డాక్టరు రిటుక్సిమాబ్ మానలేదు. ముందుగా ఎంటెకావిర్ మాత్ర మొదలుపెట్టి, ఆ తర్వాతే డ్రిప్ పెట్టించారు. కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా చేయిస్తున్నారు.

ఇక్కడ ఉన్నవాళ్లు మరో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది టీకాలు. ఈ మందు తీసుకున్న తర్వాత ఆరు నెలలో, ఇంకా ఎక్కువో టీకాలు సరిగా పట్టవు. హజ్‌కు వెళ్లేవాళ్లు వేయించుకోవాల్సిన మెనింజైటిస్ టీకా అయినా, ఫ్లూ టీకా అయినా వీలుంటే చికిత్సకు ముందే వేయించుకోవచ్చా అని అడగండి. లైవ్ టీకాల జోలికి డాక్టరును అడగకుండా వెళ్లొద్దు.

రెండోది ప్రయాణం. ఇక్కడ సగం చికిత్స అయ్యాక ఉద్యోగం పోయి, ఇఖామా ముగిసి, ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. కీమో అయిపోయింది కదా అని హెపటైటిస్ మాత్ర ఆపేయడమే అక్కడ పెద్ద ప్రమాదం. చివరి రిటుక్సిమాబ్ డోసు తర్వాత కూడా ఏడాదికి పైగా ఆ మాత్ర కొనసాగించాలి. చికిత్స ముగిసిన రెండేళ్ల వరకు వైరస్ తిరిగి లేచిన సందర్భాలున్నాయి. కాబట్టి విమానం ఎక్కేముందు బయాప్సీ రిపోర్టు, డోసుల తేదీలు, రెండు హెపటైటిస్ పరీక్షల కాగితాలు ఇంగ్లిష్‌లో తీసుకోండి. హైదరాబాద్‌లో నిమ్స్‌కు వెళ్లినా, ఊళ్లో డాక్టరు దగ్గరకు వెళ్లినా మొదట చూపించాల్సినవి అవే. మాత్రలు మాత్రం కనీసం రెండు నెలలకు సరిపడా సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.