హెచ్.ఐ.వి. చికిత్సయందు ఆహారము, అధిక బరువు

జంషెడ్‌పూర్ నగరమున సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమము చెంత సోనారి పేట కలదు. ఉక్కు కర్మాగారపు కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబములు ఈ నగరమున తరతరములుగా నివసించుచున్నవి. ఇంట నొకరికి హెచ్.ఐ.వి. సోకినచో, వారికి కడుపునిండ పెట్టుటయే మందని పెద్దలు తలంతురు.

ఇందుకు కారణము లేకపోలేదు. పూర్వము ఈ రోగులు నానాటికి కృశించి మరణించెడివారు. అందుచే కొందరు, చిక్కినచో ఇరుగుపొరుగువారు అనుమానింతురను భయముతో, లావుగా నుండుటయే క్షేమమని యెంచుచున్నారు.

2004వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి భారత ప్రభుత్వము ఏ.ఆర్.టి. ఔషధములను ఉచితముగా ఒసగుచున్నది. వానిని క్రమముగా సేవించువారు దీర్ఘకాలము జీవించుచున్నారు. కావున మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బులను గూర్చియు వారు జాగ్రత్త వహింపవలెను. చికిత్సచే పోయిన బరువు తిరిగి వచ్చుట మేలే. కాని డోలుటెగ్రావిర్ గల మందులు వాడువారిలో కొందరికి అది మితిమీరుచున్నది.

ఎంత బరువు అధికము?

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుచే రెండుమార్లు భాగింపవలెను. ఫలము 23 మొదలు అధిక బరువు. 25 మొదలు స్థూలకాయము. 160 సెంటీమీటర్ల ఎత్తు గలవారికి 64 కిలోలు స్థూలకాయమునకు ఆరంభము. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లకు మించరాదు.

ఏమి భుజింపవలెను?

అన్నము పూర్తిగా మాననక్కరలేదు. కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగము అన్నము లేక రొట్టె. మిగిలిన పావు పప్పు, గ్రుడ్డు లేక చేప ఉండవలెను. మారు వడ్డించునపుడు అన్నమునకు బదులు కూర వడ్డింపవలెను. సాయంకాలము సమోసా, జిలేబీలకు మారుగా నానిన శనగలు తినవచ్చును. జార్ఖండున సులభముగా దొరకు సత్తుపిండిని పంచదార లేకుండ నీట కలిపి త్రాగవచ్చును. ఉప్పు దినమునకు 5 గ్రాములలోపు ఉండవలెను గనుక ఆవకాయ, అప్పడములు మితముగా వాడవలెను. వారమునకు 150 నిమిషములైన వడిగా నడువవలెను.

మరువరాని విషయములు

బరువు పెరిగినదని మందు మానరాదు. మానినచో వైరస్ మరల విజృంభించును. పిదప ఆ మందునకే లొంగకపోవచ్చును. ఏ.ఆర్.టి. కేంద్రపు వైద్యునితో చెప్పి సలహా పొందవలెను. సన్నబడుటకని అంగడి చూర్ణములు వాడరాదు. ప్రయత్నింపకయే బరువు తగ్గినను, దగ్గు, జ్వరము వచ్చినను వెంటనే క్షయ పరీక్ష చేయించుకొనవలెను. సందేహము కలిగినచో 1097 అను జాతీయ సహాయవాణికి ఉచితముగా ఫోను చేయవచ్చును.