అడవి అంచున వేసవి కూరగాయలు: చలికీ వన్యప్రాణులకూ ఒకే ప్రణాళిక

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వైపు సాగేకొద్దీ పొలానికి, అడవికి మధ్య దూరం తరిగిపోతుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యం పరిసరాల్లోనూ, గోదావరికి ఆవల దుమ్ముగూడెం, చర్ల మండలాల్లోనూ అనేక కమతాలు అడవిని ఆనుకునే ఉన్నాయి. వానాకాలపు వరి కోతల అనంతరం బోరు లేదా చెరువు నీరు అందే చోట రైతులు టమాట, వంగ, బెండ, బీర, దోస, సొర పండిస్తారు. వారపు సంతలో అమ్ముడయ్యే ఈ కాయగూరలే అనేక కోయ కుటుంబాలకు వేసవిలో చేతికందే రొక్కం.

ఈ సాగుకు చలి రాత్రులు, వన్యప్రాణులు అనే రెండు అవరోధాలున్నాయి. సిఫారసుల్లో ఇవి వేర్వేరు అంశాలుగా కనిపించినా పొలంలో పరస్పరం ముడిపడి ఉంటాయి. చలికి వెరచి విత్తనం ఆలస్యం చేస్తే కాపు ఏప్రిల్‌కు జరుగుతుంది. అడవిలో నీరు, మేత తరిగిపోయి జంతువులు పొలాలకు దిగే కాలం అదే. కావున విత్తే తేదీని నిర్ణయించేటప్పుడే పంట రక్షణను కూడా ఆలోచించవలసి ఉంటుంది.

చలి ప్రభావం

ఈ ప్రాంతంలో మంచుగడ్డ కట్టేంత చలి ఉండదు. అయితే డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రులలో నేల త్వరగా వేడిని కోల్పోతుంది. చల్లని గాలి బరువైనది కావడంతో గుట్టల వాలు నుండి జారి పల్లపు మడుల్లో నిలుస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే టమాటలో పుప్పొడి సామర్థ్యం క్షీణించి పూత రాలుతుంది. బెండ, తీగజాతి విత్తనాలు చల్లని నేలలో ఆలస్యంగా మొలకెత్తుతాయి, కొన్ని కుళ్ళిపోతాయి. చిక్కుడు, ముల్లంగి, పాలకూర, కొత్తిమీరలకు మాత్రం ఈ చలి అనుకూలమే.

నారు దశలోనే ముందడుగు

ఆలస్యాన్ని నివారించడానికి నారును చలి నుండి కాపాడి పెంచడం ఉత్తమ మార్గం. టమాట నారును డిసెంబరు మూడో వారంలో ఎత్తు మడులపై లేదా ప్రోట్రేలలో పోసుకోవాలి. తీగజాతి విత్తనాలను తడి గోనెగుడ్డలో మొలక కట్టి, జనవరి మొదటి వారంలో పాలిథీన్ సంచుల్లో విత్తి, రెండు మూడు ఆకుల దశలో, అనగా నెలాఖరుకు, పొలంలో నాటుకోవాలి. స్థానికంగా లభించే వెదురు బద్దలను విల్లులా వంచి, పారదర్శక పాలిథీన్ షీటును సాయంత్రం కప్పి ఉదయం తొలగించాలి. పగలు కూడా కప్పి ఉంచితే లోపలి వేడికి నారు వాడిపోతుంది.

తడి నేల పొడి నేల కంటే ఎక్కువ వేడిని నిల్వ చేసుకుంటుంది. అందుచేత చలి తీవ్రంగా ఉన్న రోజుల్లో ప్రధాన పొలానికి పగటిపూటే తేలికపాటి తడి ఇవ్వడం మేలు. నారుమడికి ఉదయమే నీరివ్వాలి. సాయంత్రపు తడి రాత్రంతా నిలిస్తే నారుకుళ్ళు ప్రబలుతుంది. తెగులు కనిపించిన వెంటనే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడిని తడపాలి.

ఈ విధంగా చేస్తే దోస, సొర మార్చిలోనే కోతకు వస్తాయి. దీనివల్ల మరొక ప్రయోజనం కూడా ఉంది. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూవు, అనంతరం తునికాకు సేకరణకు కుటుంబమంతా అడవికి వెళ్తుంది. తోటకు కాపలా కరువయ్యేది అప్పుడే. ఇప్పపూవు కోసం ఎలుగుబంట్లు కూడా తెల్లవారుజామున అవే చెట్ల కిందికి వస్తాయి కనుక చీకట్లో ఒంటరిగా వెళ్ళరాదు.

జంతువును బట్టి రక్షణ

అడవిపంది చూపు మందం, ఘ్రాణశక్తి అధికం. ఎండాకాలంలో తడిగా, గుల్లగా ఉన్న కూరగాయ మడి దానిని ఆకర్షిస్తుంది. చాలు తీసినట్లు పెళ్లగించిన మట్టి పంది రాకకు గుర్తు. రాలిన ముళ్ళు, కొరికిన దుంపలు ముళ్ళపందిని సూచిస్తాయి. కొరికి పారేసిన కాయలు పగలు వచ్చిన కోతులవి. లేత మొక్కలను పీకినవి నెమళ్ళు కావచ్చు. దుప్పి కంచెను పైనుండి దూకుతుంది, పంది కింద నుండి దూరుతుంది. కావున కంచె ఎత్తు ఎంత ముఖ్యమో అడుగుభాగపు బలం అంతే ముఖ్యం. గొలుసు కంచెను ఒక అడుగు లోతున పాతడం అవసరం.

మొక్కజొన్నకు ఆముదం, వేరుశనగకు కుసుమ సరిహద్దు పంటలుగా ఇప్పటికే సిఫారసులో ఉన్నాయి. కూరగాయ తోట చుట్టూ ఆముదాన్ని ప్రయత్నించదలిస్తే అక్టోబరులోనే దట్టంగా విత్తాలి. కూరగాయలతో పాటు విత్తితే కాపు సమయానికి అది అడ్డుగోడ కాజాలదు. అడవి వైపు మిరప, కాకర వంటి, జంతువులు తక్కువగా ముట్టే పంటలను, ఇంటి వైపు దోస, చిలగడదుంప, మొక్కజొన్నలను అమర్చుకోవాలి. వాసన, శబ్దాలతో బెదిరించే పద్ధతులకు జంతువులు త్వరలోనే అలవాటు పడతాయి. వాటిని మార్చుతూ ఉండాలి.

ప్రాణాంతకమైన కంచె వద్దు

చలిలో మంచెపై రాత్రుళ్ళు జాగారం చేయలేక కొందరు కంచెకు నేరుగా కరెంటు తీగ కలుపుతున్నారు. ఇది చట్టవిరుద్ధం. ఆ తీగకు పంది ఒక్కటే కాదు, తెల్లవారుజామున నీరు కట్టడానికి వచ్చే పొరుగు రైతు, పశువు, చివరకు ఆ పొలం యజమాని కూడా బలి కావచ్చు. సౌరవిద్యుత్ కంచె పనితీరు వేరు. దానిలోని పరికరం సుమారు సెకనుకు ఒకసారి అతి స్వల్పకాలపు విద్యుత్ స్పందనను మాత్రమే పంపుతుంది. జంతువు ఉలిక్కిపడి వెనుదిరుగుతుంది, ప్రాణం పోదు. కింది తీగ నేలకు ఒక అడుగు ఎత్తుకు మించకుండా, కలుపు తగలకుండా చూడాలి. ఒక్కో రైతుకు భారమైన ఈ కంచెను పక్కపక్క కమతాల రైతులు ఉమ్మడిగా వేసుకుంటే చుట్టుకొలత, ఖర్చు తగ్గుతాయి. నష్టం జరిగితే ఆనవాళ్ళు చెరగకముందే ఫొటోలు తీసి అటవీ, వ్యవసాయ శాఖల సిబ్బందికి తెలియజేయాలి.

క్షేత్ర ప్రదర్శనలు నిర్వహించే విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు దిగుబడితో పాటు మడి వద్ద కనిష్ఠ ఉష్ణోగ్రత, పూత తేదీ, మొదటి కోత తేదీ, జంతువు వచ్చిన రాత్రి, దాని ఆనవాళ్ళు నమోదు చేయాలి. రెండు మూడు సీజన్ల నమోదులు చేరితే, ఆ గ్రామంలో ఏ వారం విత్తిన పంట రైతు ఇంటికి చేరుతుందో, ఏ వారం విత్తినది అడవి పాలవుతుందో స్పష్టంగా చెప్పవచ్చు.