ఈ కుక్కకి ఓ ఇల్లు కావాలి!

‘‘కుక్కకి ఇల్లెతకడమేటి బావూ? ఇంటికి కదా కుక్కని ఎతుకుతారు!’’ శ్రీముఖలింగం గుడి వీధిలో ఓ పెద్దాయన నన్ను ఆపి అడిగాడు. మీకూ ఆ అనుమానం వస్తే తప్పేం లేదు. బీటెక్ చదివి, ఊళ్లోంచే ఉద్యోగం చేసుకుంటూ, ఖాళీ దొరికితే గ్యాడ్జెట్ల మీద బ్లాగు రాసుకునే నేనూ మొన్నమొన్నటిదాకా ‘గార్డియన్ హోమ్’ అనే మాట వినలేదు.

విశాఖలో నా స్నేహితుడొకడు లాబ్రడార్లు పెంచుతాడు. వాడి దగ్గరున్న జూలీకి అప్పుడు 13 నెలలు. మంచి జాతి, మంచి స్వభావం. ఇంకో ఏడాదికి పిల్లల తల్లిని చేద్దామని వాడి ఆలోచన. కానీ ఒంట్లో స్ప్రింగులున్నట్టు ఎగిరే కుక్క అది. ఇంట్లో మరో నాలుగు కుక్కలు. ‘‘దానికి ఒక కుటుంబం కావాల్రా, బోను కాదు’’ అన్నాడు. సంగతేంటంటే, కుక్క ఓ ఇంట్లో పెంపుడు బిడ్డలా పెరుగుతుంది. కట్టించడం, పిల్లల మీద హక్కు బ్రీడర్‌వి. కాన్పులయ్యాక ఆపరేషన్ చేయించి, కుక్కను పూర్తిగా ఆ ఇంటికే రాసిచ్చేస్తారు. మన పల్లెల్లో పెయ్యదూడను పాలికివ్వడం తెలుసుగా, దానికి దూరపు చుట్టం అనుకోండి. బ్రిటన్‌లో చూపులేనివారికి కుక్కల్ని తయారుచేసే ‘గైడ్ డాగ్స్’ సంస్థ కూడా తల్లి కుక్కల్ని వాలంటీర్ల ఇళ్లలోనే ఉంచుతుంది.

ఇల్లు వెతికే పని నెత్తికెత్తుకున్నా. ఇంజినీర్ని కదా, వెంటనే గూగుల్ ఫామ్ తయారుచేశా! ప్రహరీ ఉందా, పెరడు ఎన్ని గజాలు, సొంతిల్లా అద్దెదా... అన్నిటికీ మార్కులు. పక్క ఊళ్లో ఎక్కువ మార్కులొచ్చిన ఇంటికి జూలీని అప్పజెప్పా. ఇరవై రోజుల తర్వాత చూసొద్దామని వెళ్తే, అంత పెద్ద పెరట్లో అది జామచెట్టుకి గొలుసుతో ఉంది. చుట్టూ కాలు పెట్టలేనన్ని గోతులు. ‘‘మహా అల్లరండీ, చెప్పులన్నీ కొరికేసింది’’ అన్నారు వాళ్లు. తప్పు వాళ్లది కాదు, నాది. రోజుకి దాంతో ఎన్ని గంటలు గడుపుతారన్న ప్రశ్నే నా ఫామ్‌లో లేదు. సాయంత్రానికల్లా బండెక్కించుకుని వచ్చేశా.

కాబట్టి మీరు ఇల్లు వెతికితే గజాలు కొలవకండి. తెల్లారి ఐదింటికి లేచే మనిషి ఉన్నారేమో చూడండి. మన ఎండలకి లాబ్రడార్‌ని పొద్దెక్కాక నడిపించడం ప్రమాదం. మీ అరచేతి వెనకభాగాన్ని కాసేపు నేల మీద ఆనించలేకపోతే, దాని పాదాలూ ఆనలేవు. ఇలాంటి కుక్కకి పరుగొక్కటే చాలదు, బుర్రకీ పని కావాలి. తిండిలో సగం గిన్నెలో వేయకుండా పెరట్లో అక్కడక్కడా దాచి వెతికించండి. పావుగంట వాసన పట్టి వెతికిందంటే హాయిగా పడుకుంటుంది.

అసలు చిక్కు ఎదకొచ్చే మూడు వారాలు. వీధికుక్కలు స్వేచ్ఛగా తిరిగే ఊళ్లలో గేటు ఒక్క నిమిషం తెరిచి ఉన్నా చాలు, ఒప్పందం గాలికి పోతుంది. అనుకోని గర్భం ఒక్కటే కాదు, సంపర్కం ద్వారా సోకే కణితుల జబ్బు మన వీధికుక్కల్లో మామూలే. శివరాత్రి జనం, చక్రతీర్థ స్నానాల రద్దీ ఇదే సమయంలో వచ్చాయనుకోండి, ఇంటికొచ్చే చుట్టాలందరికీ గేటు పాఠం చెప్పాలి.

రెండోసారి ఫామ్ పక్కనపెట్టి, ఇళ్లకి వెళ్లి కూర్చున్నా. దాదాపు అందరూ అడిగింది ఒకటే: ‘‘పిల్లల్లో మాకెన్నిస్తారు?’’ అడగడంలో తప్పులేదు గానీ, ఇది ఆదాయం వచ్చే పని కాదని ముందే చెప్పేయండి. సైన్యంలో చేసి రిటైరైన ఒకాయన మాత్రం వేరే ప్రశ్న వేశారు. ‘‘పిల్లలు పుట్టాక ఇది మా ఇంటికే తిరిగొస్తాదా?’’ ఇంటర్ చదివే వాళ్లమ్మాయి అప్పటికే జూలీ చెవులు నిమురుతోంది. ఇల్లు దొరికిందని నాకు అప్పుడే అర్థమైంది.

అలాగని నోటిమాటతో వదల్లేదు. స్నేహితుణ్ని రప్పించి స్టాంపు పేపర్ మీద రాయించాం. రోజువారీ తిండి గార్డియన్‌ది, టీకాలు, పరీక్షలు, కాన్పు ఖర్చు, సిజేరియన్ అవసరమైతే అదీ బ్రీడర్‌ది. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, 18 నెలలు నిండని ఆడకుక్కను కట్టించకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే మొహం చాటేసేవాళ్ల దగ్గర కుక్కను తీసుకోకండి. మేం ఇంకో అడుగు ముందుకెళ్లాం. లాబ్రడార్లకి తుంటికీళ్ల లోపం వంశపారంపర్యంగా వస్తుంది కాబట్టి రెండేళ్లు నిండాక ఎక్స్‌రే, అది బాగుంటేనే పిల్లలు. బాగోకపోతే? ఆపరేషన్ చేయించి, జూలీని అప్పుడే ఆ ఇంటికి రాసిచ్చేయాలి. ఈ ఒక్క వాక్యం దగ్గర నా స్నేహితుడు అరగంట ఆలోచించాడు. ఏడాది ఖర్చు, కష్టం ఒక్క ఎక్స్‌రేతో పోవచ్చు మరి. చివరికి సంతకం పెట్టాడు.

ఒకటి మాత్రం కాగితంతో తేలలేదు. కుక్కల గర్భం సుమారు 63 రోజులు. చివరి రోజుల్లో విశాఖ వెళ్తే, పిల్లలు పాలు మాని పెరిగేదాకా అక్కడే. అంటే రెండు నెలల పైమాటే. ‘‘అన్నాళ్లు అది మమ్మల్ని మర్చిపోదా?’’ అని అడిగిందా అమ్మాయి. ఆదివారాలు వచ్చి చూడొచ్చు అని కింద చేత్తో రాసి, మళ్లీ సంతకాలు పెట్టించాం.

జూలీకి ఇప్పుడు 16 నెలలు. పొద్దున్నే వంశధార ఇసుకలో ఆయన ముందు అది పరుగెడుతుంటుంది. చెప్పులు కొరకడం ఇంకా పూర్తిగా మానలేదు. ఆ ఇంట్లో చెప్పులిప్పుడు అటక మీద ఉంటున్నాయి.