మనుషులు దొరకని సామ్రాజ్యం

ఉత్తర అమెరికాలో ఫ్రెంచివారికి ఒకప్పుడు కనుచూపు మేరకు అందని నేల ఉండేది, దున్నేవాళ్ళే లేరు. 1663లో కెనడాలోని ఫ్రెంచి జనం సుమారు 3,000. పదునాలుగో లూయీ ఏం చేశాడో చూడండి. పదేళ్ళలో సుమారు 800 మంది పెళ్ళికాని పడుచులను ఓడలెక్కించి పంపాడు. దారిఖర్చు రాజుగారిదే, సూదులూ దారమూ కత్తెరా దువ్వెనా పెట్టిన చిన్న పెట్టె సారె. "రాజుగారి కూతుళ్ళు" అన్న పేరు అందుకే వచ్చింది. పదిమంది బిడ్డలున్న ఇంటికి ఏటా 300 లీవ్రుల బహుమానం! (కుటుంబ నియంత్రణకు ఇనాములిచ్చిన దేశం వాళ్ళం, నవ్వు రాదూ?)

పిల్లలు పుట్టారు గాని, వలస సాగలేదు. చలి కారణమంటారు. నేనొప్పుకోను. 1627 నాటి కంపెనీ పట్టాలో క్యాథలిక్కులే స్థిరపడాలని రాశారు. ఆ పట్టుదల తరువాతా సడలలేదు. ఊరు విడవక తప్పనివారేమో ప్రొటెస్టెంట్లైన హ్యూగనోలు! 1685లో లూయీ వారి మతస్వేచ్ఛను రద్దుచేయగా సుమారు 2 లక్షలమంది దేశం దాటారు - నేతపనివారు, గడియారాలు చేసేవారు, వర్తకులు. బ్రాండెన్‌బర్గు ప్రభువు ఆ ఏడే శాసనం వేయించి, పన్నులు మినహాయించి మరీ పిలుచుకున్నాడు.

వారిలో సగంమందికి క్యూబెక్ రేవు తెరిచివుంటే? 1760 నాటికి కెనడాలో ఫ్రెంచివారు 70,000. దక్షిణాన ఇంగ్లీషు వలసల్లో జనం 15 లక్షలు. ఆ లక్షమందీ, వారి మనుమలూ అక్కడుంటే, 1763లో పారిస్ సంధితో కెనడా అంత సులువుగా చేతులు మారేది కాదని నా ఊహ.

అయితే, కొద్దిమంది కనుకనే ఫ్రెంచివారు తోళ్ళ వర్తకానికి హ్యూరాన్ల వంటి స్థానిక జాతులతో చెలిమి చేశారు. లక్షమంది రైతులు దిగివుంటే ఆ జాతుల అడవులకు గొడ్డలి ముందే తగిలేది.