వాదించడం కూడా చదువే

దాతల సాయంతో మన పిల్లలు చాలామంది డిగ్రీ దాకా వస్తున్నారు, అల్‌హమ్దులిల్లాహ్. హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ రైలెక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అయితే అక్కడ ఉద్యోగం దొరకాలంటే సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. గ్రూప్ డిస్కషన్‌లో పదిమంది మధ్య తన మాట చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో ఎదురు ప్రశ్న వేస్తే తడబడకుండా బదులివ్వగలగాలి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు మాటలు కరువు కాదు. మాటను వరుసలో పెట్టి, ఆధారంతో చెప్పే అభ్యాసమే కరువు. ఆ అభ్యాసాన్ని ఇచ్చేది డిబేట్. కాలేజీ జట్లు ఈ పోటీల్లో ఎలా గెలుస్తాయో, ఆ గెలుపు వెనక ఏముంటుందో దాతలకు తెలియజేయాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

బడుల్లో మనం చూసే వక్తృత్వ పోటీ వేరు, డిబేట్ వేరు. వక్తృత్వంలో బట్టీ పట్టిన ప్రసంగానికీ బహుమతి రావచ్చు. ఆసియా దేశాల కాలేజీల మధ్య నడిచే పార్లమెంటరీ పద్ధతి డిబేట్‌లో అది కుదరదు. రెండు జట్లు ఉంటాయి, ఒక్కో జట్టులో ముగ్గురు. సాధారణంగా పోటీకి అరగంట ముందు మాత్రమే అంశాలు చెబుతారు. అనుకూలంగా మాట్లాడాలా, వ్యతిరేకంగానా అన్నది జట్టు ఇష్టం కాదు. ఒక్కొక్కరికి 7 నిమిషాలు ఇస్తారు. మొదటి నిమిషం, చివరి నిమిషం తప్ప మిగతా సమయంలో ఎదుటి జట్టు లేచి ప్రశ్న వేయవచ్చు. ఆఖర్న ఒక్కో జట్టుకు 4 నిమిషాల ముగింపు ప్రసంగం ఉంటుంది. న్యాయనిర్ణేతలు గొంతు పెద్దదా అని చూడరు. వాదంలో పస, చెప్పిన తీరు, ముగ్గురూ పని పంచుకున్న పద్ధతి చూస్తారు. ఎదుటివాళ్ల మాట శ్రద్ధగా వినని జట్టు ఎంత ధాటిగా మాట్లాడినా గెలవడం కష్టం.

‘పిల్లలకు పెద్దలతో వాదులాట నేర్పుతారా?’ అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. డిబేట్ నేర్పేది సరిగ్గా దానికి విరుద్ధం. మాటను ఖండించాలి గానీ మనిషిని కించపరచకూడదు. తన వంతు వచ్చేదాకా ఆగాలి. ఆధారం లేనిది అనకూడదు. ఇది మనకు పరాయి విద్యేమీ కాదు. కూఫాలో ఇమామ్ అబూ హనీఫా తన శిష్యులతో ఒక్కో సమస్యపై వాదోపవాదాలు జరిపించేవారు. మన మదర్సాల దర్సె నిజామీలో మునాజరా, అంటే వాదించే పద్ధతి, ఒక పాఠ్యాంశంగా ఉండేది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ స్థాపించిన అలీగఢ్ కాలేజీలో 1884లోనే సిడన్స్ యూనియన్ క్లబ్ అనే చర్చావేదిక మొదలైంది. 1897లో మన హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ ఆ కాలేజీలోనే చదివి, విద్యార్థి సంఘానికి ఉపాధ్యక్షులయ్యారు. 1967లో భారత రాష్ట్రపతి అయ్యారు.

ఒక చిన్న కాలేజీ ఏం సాధించగలదో చెప్పే ఉదాహరణ అమెరికాలో ఉంది. టెక్సాస్ రాష్ట్రం మార్షల్ పట్టణంలోని వైలీ కాలేజీని 1873లో ఒక చర్చి సంస్థ స్థాపించింది, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి వారి పిల్లలు చదువుకోవాలని. అక్కడ ఇంగ్లీషు బోధించిన మెల్విన్ టాల్సన్ డిబేట్ జట్టును తయారు చేశారు. సాయంత్రాలు విద్యార్థులను తన ఇంట్లోనే కూర్చోబెట్టి సాధన చేయించారు. 1935లో ఆ జట్టు, అప్పటి జాతీయ విజేత అయిన యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాను ఓడించింది. 2007లో ఈ కథతో వచ్చిన సినిమాలో ప్రత్యర్థిగా హార్వర్డ్‌ను చూపించారు గానీ, అసలు జరిగింది ఇదీ. ఆ బృందంలో సాధన చేసిన జేమ్స్ ఫార్మర్ తరువాత పౌరహక్కుల ఉద్యమ నాయకులలో ఒకరయ్యారు. దాతల సొమ్ముతో నిలిచిన కాలేజీ, ఓపిక గల ఒక ఉపాధ్యాయుడు, క్రమం తప్పని సాధన కలిసి తెచ్చిన గెలుపు అది.

మన పిల్లలకూ కావలసింది అంతే. వారంలో రెండు సాయంత్రాలు ఒక గది, ఒక ఇంగ్లీషు దినపత్రిక, ఒక తెలుగు దినపత్రిక, ఒక ఉర్దూ దినపత్రిక, గడియారం పట్టుకుని కూర్చునే ఒక ఉపాధ్యాయుడు. పోటీలకు ప్రవేశ రుసుము, రైలు చార్జీలు. సాధన అయ్యాక ఆడపిల్లలు క్షేమంగా ఇంటికి చేరే ఏర్పాటు ఉండాలి. అది లేకపోతే ఎంత తెలివైన అమ్మాయినైనా రెండో వారం నుంచి ఇంట్లోవాళ్లు పంపరు. జకాత్ ఎవరికి చెందాలో షరియత్ నిర్ణయించింది కనుక ఆ సొమ్ము జోలికి పోకుండా, సదఖాగానో సాధారణ విరాళంగానో దీనికి ఇవ్వమని కోరుతున్నాం. డబ్బు ఇవ్వలేనివారు తమ హాలును రెండు గంటలు ఇచ్చినా చాలు. కంపెనీల్లో పనిచేసే మన యువకులు నెలకొకసారి వచ్చి న్యాయనిర్ణేతగా కూర్చున్నా గొప్ప సాయమే.

ఫీజు కట్టి బిడ్డను కాలేజీ గుమ్మం దాటించాం. నలుగురిలో లేచి మాట్లాడే ధైర్యం కూడా ఇస్తే, ఇన్‌షా అల్లాహ్, ఆ తరువాతి గుమ్మాలు వాళ్లే దాటుకుంటారు.